రాజు పేరు తలకిందులు

2023 చివరి నెలలు. సౌదీ తూర్పు తీరంలో, ఖతీఫ్ నుంచి కారులో కొంచెం దూరం పోతే వచ్చే ఒక మ్యూజియంలో నేను ఇన్‌స్టలేషన్ ఇంజనీరును. ఈ ఉద్యోగం పేరు చెబితే మా తునిలో ఎవరికీ అర్థం కాదు. మా మేనమామ ఒకాయన "మ్యూజియంలో ఇంజనీరేమిట్రా, బొమ్మలకు మోటార్లు బిగిస్తావా?" అని అడిగాడు. అవునన్నాను. గల్ఫులో పదిహేడేళ్ళు గడిపినవాడికి తన ఉద్యోగం గురించి వివరించే ఓపిక మిగలదు.

ఇది చదివేవాళ్ళ కోసం మాత్రం ఒక్కసారి చెబుతాను. మ్యూజియంలో మీరు చూసే అద్దాల పెట్టెను మేం షోకేసు అంటాం. దాని లోపల వస్తువు పడిపోకుండా, వెలుతురుకు వెలిసిపోకుండా, తేమ ఎక్కువై బూజు పట్టకుండా, తక్కువై చిట్లిపోకుండా చూడటం నా పని. వస్తువును నిలబెట్టే ఊతను మౌంట్ అంటారు. సన్నని ఇత్తడి తీగను వేడి చేసి, వస్తువు అంచుకు సరిపోయేలా వంచి, తాకే చోట మెత్తని ప్లాస్టిక్ గొట్టం తొడుగుతారు. తర్వాత ఆ తీగకు వస్తువు రంగే పూస్తారు. చూసేవాడికి కుండ గాలిలో నిలబడ్డట్టు ఉండాలి, తీగ కంటపడకూడదు. మా పని ఎవరికైనా కనిపించిందంటే ఏదో తప్పు జరిగినట్టే లెక్క. మెచ్చుకోలు రాదు, వస్తే ఫిర్యాదే వస్తుంది. ఇన్నేళ్ళకు అదీ అలవాటైపోయింది.

మా మౌంట్లు చేసేది నర్సయ్య. కోరుట్ల వైపు మనిషి, వయసు యాభైకి దగ్గర. సౌదీకి మొదట పైపుల వెల్డింగుకు వచ్చాడు. మనుషులను సప్లై చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ వీసా మీద ఉండేవాడు. ఆ కంపెనీ ఇవాళ మ్యూజియానికి పంపుతుంది, రేపు ఇంకెక్కడికో పంపుతుంది. పెద్ద పైపులు అతికిన చేతులతో అగ్గిపుల్లంత తీగను వంచడం ఆయన మా దగ్గరే నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక మా మ్యూజియంలో ఆయన చేయి పడని షోకేసు లేదు.

అయినా ఆయన ఇకామాలో, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డులో, వృత్తి అన్న చోట 'ఆమిల్' అనే ఉండేది. ఆమిల్ అంటే కూలి. ఆయనకు ఆ మాట పడేది కాదు. కూలి పని తక్కువని కాదు, తాను చేసే పని అది కాదు గనక. మ్యూజియం ఆయన్ను సొంత ఉద్యోగిగా తీసుకుంటే, అంటే స్పాన్సరు మారితే, కార్డులో మాట మారుతుంది. దీన్ని ఇక్కడ నకల్ కఫాలా అంటారు. మారాక పడే మాట 'ఫన్నీ'. అరబ్బీలో టెక్నీషియన్ అని అర్థం. మేమందరం ఆ మాటకు నవ్వేవాళ్ళం, "మా నర్సయ్య ఫన్నీ కాబోతున్నాడు" అని. ఆయన నవ్వేవాడు కాదు. మా ఆపరేషన్స్ మేనేజరు కంప్యూటర్లో ఒక అప్రూవల్ ఇస్తే ఆ పని అయిపోతుంది. ఇస్తానని కూడా అన్నాడు. ప్రదర్శన మొదలవ్వగానే చేస్తానన్నాడు.

ఆ ప్రదర్శన ఆంగ్లో-సాక్సన్ల కళ గురించి. ఇంగ్లండ్‌కు ఆ పేరు రాకముందు, సముద్రం దాటి అక్కడికి వచ్చి స్థిరపడిన తెగలవాళ్ళు వీళ్ళు. ఇప్పుడు మనం తంటాలు పడి మాట్లాడే ఇంగ్లీషు వీళ్ళ భాష నుంచే పుట్టింది. సౌదీలో వాళ్ళ ప్రదర్శన ఎందుకని నాకూ అనిపించింది గానీ, నేను అడగలేదు. షోకేసు కొలతలు ఇస్తే చాలు అనుకునే స్థితికి అప్పటికే వచ్చాను. అసలు వస్తువులు ఇంగ్లండ్ దాటి రావు గనక వచ్చినవన్నీ నకళ్ళే. కాకపోతే మంచి నకళ్ళు. దూడ చర్మం మీద రాసిన పుస్తకాల పేజీలు కొన్ని, వాటిలో పెద్ద మొదటి అక్షరం చుట్టూ ఒకదాన్నొకటి కరుచుకుంటూ మెలికలు తిరిగిన జంతువులు. లాటిన్ పంక్తుల మధ్య ఖాళీలో చీమ తలకాయంత అక్షరాలతో వాళ్ళ భాషలో అర్థం రాసుకున్న పేజీ ఒకటి. ఎర్రరాళ్ళు పొదిగిన బంగారు పిన్నులు.

మెలికల పేజీకి మౌంట్ బిగిస్తూ నర్సయ్య చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత, "ఆఫీసుల కాయితం తిరిగినట్టు తిరుగుతాంది సారూ ఇది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఒడుస్తదో ఎవలకెర్క" అన్నాడు. ఎర్రరాళ్ళు ఇండియా నుంచో లంక నుంచో పోయి ఉంటాయని లేబుల్‌లో రాశారని చెబితే, మనోళ్ళు అప్పటికే బయటి దేశాలు పట్టారన్నమాట అని తేల్చేశాడు.

చివరి షోకేసులో ఒక్క నాణెం. ఓఫా అనే రాజు వేయించిన బంగారు నాణేనికి నకలు. రూపాయి బిళ్ళ కంటే చిన్నది. దాని మౌంట్ డ్రాయింగ్ మిగతావాటితో పాటే నర్సయ్యకు ఇచ్చాను. డ్రాయింగ్‌లో నాణెం పైభాగం ఏదో 'టాప్' అని గుర్తు వేసి ఉంటుంది. బిగించిన రోజు నేను దమ్మాం కస్టమ్స్‌లో ఉన్నాను. ఇంకో పెట్టె అక్కడ చిక్కుకుని, నా ఓపికంతా అక్కడి కుర్చీలోనే అయిపోయింది. షోకేసు మూయించింది మా పాకిస్తానీ ఫోర్‌మన్. అతను గట్టిగా ఉందా లేదా చూశాడు, లైటు చూశాడు, మూసేశాడు.

మరునాడు ఉదయం వాక్‌త్రూ. అంటే ప్రదర్శన తెరవడానికి ముందు పెద్దలు ఒకసారి తిరిగి చూడటం. మేనేజరు, ఆయన వెనక నేను, మా వెనక పనివాళ్ళు. ఆ ప్రదర్శన బాధ్యత మొత్తం చూసే క్యూరేటర్ హుదా మేడమ్ ఆ ఉదయమే రియాద్ నుంచి వచ్చింది. పాత నాణేలే ఆవిడ చదువు. వాటి గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆపడం కష్టం. అలాంటి మనిషి చివరి షోకేసు ముందు నిలబడి మాట్లాడలేదు. కాసేపు చూసి, మేనేజరు వైపు తిరిగి అరబ్బీలో ఏదో మెల్లగా చెప్పింది. మేనేజరు వెంటనే షోకేసు మీద గుడ్డ కప్పమని సైగ చేశాడు.

అప్పటికి నాకు అర్థం కాలేదు. హుదా మేడమ్ నన్ను పక్కకు పిలిచి ఇంగ్లీషులో చెప్పింది. ఆ నాణెం ఇంగ్లండ్‌లో వేసినదే గానీ, బాగ్దాద్ ఖలీఫా బంగారు దీనారుకు నకలు. మీద ఉన్న రాత అరబ్బీ. ఈ వైపున మూడు వరుసల్లో 'ముహమ్మద్ దేవుని దూత' అని ఉంది. ఆ వరుసల మధ్య రాజు తన పేరు వేయించుకున్నాడు, లాటిన్‌లో, ఓఫా రాజు అని. మా షోకేసులో రాజు పేరు నిటారుగా ఉంది. ప్రవక్త పేరు తలకిందులుగా ఉంది.

ఈ దేశంలో అది ఎంత మాటో నేను చెప్పనక్కర్లేదు. మర్నాడు సాయంత్రం అతిథులు వస్తారు, ఫోటోలు తీస్తారు. ఒక్క ఫోటో ఫోన్లలో తిరిగితే చాలు.

మేనేజరు కేకలు వేసే రకం కాదు. ఆరోజూ వేయలేదు. తన గదిలోకి పిలిచి, ఎవరు పెట్టారని మాత్రం అడిగాడు. అందరూ శాకాహారులే, మరి రొయ్యల బుట్ట ఏమైనట్టు అన్నట్టు తయారైంది పరిస్థితి. ఫోర్‌మన్ తాను మూశానే గానీ పెట్టలేదన్నాడు. లైటింగ్ వాళ్ళు తాము లైటే వేశామన్నారు. డ్రాయింగ్ తెచ్చి చూస్తే డ్రాయింగ్ సరిగ్గానే ఉంది. అందులో 'టాప్' గుర్తు అరబ్బీ నిటారుగా ఉండేలానే వేశారు. అంటే ఎవరో చేత్తో తిప్పి పెట్టారు. చివరికి అన్ని చూపులూ నర్సయ్య మీద ఆగాయి. ఆయన నేనే పెట్టానని ఒప్పుకున్నాడు.

మేనేజరు నాతో, సాయంత్రంలోగా ఒక ఇన్సిడెంట్ రిపోర్టు కావాలన్నాడు. ఏం జరిగింది, ఎవరు చేశారు, ఎందుకు చేశారు. "ఎందుకు అనేది జాగ్రత్తగా రాయి" అన్నాడు. బెదిరింపుగా అనలేదు. ఆయన గొంతులోనూ భయమే ఉంది. కావాలని చేసినట్టు పైవాళ్ళకు అనిపిస్తే సంగతి మ్యూజియం గోడలు దాటిపోతుంది. అప్పుడు నకల్ కఫాలా మాట అటుంచి, నర్సయ్యకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపితే అదే అదృష్టం అనుకోవాలి.

నర్సయ్య వర్క్‌షాపులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తీగలు, పటకారు, చిన్న గ్యాసు టార్చి అన్నీ బల్ల మీద సర్ది పెట్టేశాడు, మళ్ళీ వాటితో పని ఉండదన్నట్టు. నేను ఎదురుగా కూర్చున్నాను. నాకు కోపం రావాలి. రాలేదు, అలసట వచ్చింది. డ్రాయింగ్ చూపించి, టాప్ ఇటు అని రాసి ఉంటే అటెందుకు తిప్పావని అడిగాను.

"డ్రాయింగే తప్పు పడ్డదనుకున్న సారూ" అన్నాడు. "రాజు పేరు తలకిందులున్నది. ఓ, ఎక్స్ ఎటు తిప్పినా ఒక్కతీరే ఉంటయి, గాని ఏ ఉన్నది, ఎఫ్ ఉన్నది, గవి పట్టిచ్చినయి. గింత పెద్ద మ్యూజియంల ఇంగ్లీషు తలకిందులు పెడ్తే నవ్వరా? సరిచేసిన."

మరి చుట్టూ అరబ్బీ కనపడలేదా అన్నాను.

"గది అరబ్బీ అని ఎట్ల తెలుస్తది? దుకాణం బోర్డుల మీద అరబ్బీ గట్ల ఉండదు. చుక్కలే లేవు. గీతలు గీసిన్రనుకున్న, డిజైను."

నేను మళ్ళీ నాణెం ఫోటో చూశాను. నిజమే. పాత అరబ్బీ రాతలో అక్షరాల కింద, పైన చుక్కలు ఉండవు. నిలువు గీతలు, అడ్డ గీతలు, అంతే. పదిహేడేళ్ళుగా రోడ్డు బోర్డులు చదువుతున్న నాకే అది అరబ్బీలా అనిపించలేదు.

ఇంకో సంగతి ఆయన అనలేదు గానీ నాకు గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది ఒక మట్టి కూజా డ్రాయింగ్ తలకిందులుగా వచ్చింది. గీసినవాడు మూతిని అడుగు అనుకున్నాడు. నర్సయ్య ఎవరినీ అడక్కుండానే కూజాను సరిగా నిలబెట్టాడు. అప్పుడు ఇదే మేనేజరు అందరి ముందు ఆయన భుజం తట్టి, పనివాడంటే ఇలా ఉండాలి, కళ్ళతో పాటు బుర్ర కూడా వాడాలి అన్నాడు. నకల్ కఫాలా మాట మొదట వచ్చింది ఆరోజే. ఆ మెప్పు కోసమే ఇప్పుడూ తిప్పాడని నేననను. నాణెం చూశాడు, తెలిసిన అక్షరాలు తలకిందులుగా కనిపించాయి, తిప్పాడు.

"నేను కావాల్నని చేసిన అంటరా సారూ?" అని అడిగాడు. "మొక్కే పేరని తెలిస్తే నేనట్ల చేస్తనా? మా ఊళ్ళె పీర్లకు నేను గూడ మొక్కుత."

నేను డ్రాయింగ్ మడిచి జేబులో పెట్టుకున్నాను. అనేవాళ్ళు అంటారు మరి.

రిపోర్టు రాయడానికి కూర్చుంటే పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టు వాక్యాలు వస్తున్నాయి. 'డ్రాయింగ్‌ను అర్థం చేసుకోవడంలో స్పష్టత లోపించడం వల్ల' అని మొదలుపెట్టాను. అలాంటి వాక్యాలు రాయడంలో నాకు మంచి అనుభవం ఉంది. కానీ ఆ వాక్యం చదివిన మూడో మనిషి ఎవరి స్పష్టత అని అడుగుతాడు, అప్పుడు మళ్ళీ నర్సయ్య దగ్గరికే వస్తారు. అంతా చెరిపేసి హుదా మేడమ్ గదికి వెళ్ళాను. నర్సయ్య చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఏ, ఎఫ్ అక్షరాలు పట్టిచ్చిన సంగతీ, చుక్కలు లేని సంగతీ, కూజా సంగతీ.

ఆవిడ విని నవ్వింది. మొదట నాకు నచ్చలేదు, ఒక మనిషి బతుకు వేలాడుతుంటే నవ్వేమిటని. ఆవిడ గ్రహించి, క్షమించమంది. తర్వాత కంప్యూటర్లో ఆ నాణెం పెద్దది చేసి చూపించింది. అరబ్బీ రాతలో అక్కడక్కడా తప్పులున్నాయట. ఒక అక్షరం సగంలో ఆగిపోయింది, ఇంకోటి పక్కదానిలో కలిసిపోయింది. అరబ్బీ వచ్చినవాడెవడూ అలా రాయడు. ఓఫా రాజు కంసాలి ఎవరో అరబ్బు వ్యాపారుల దీనారు ఒకటి దగ్గర పెట్టుకుని, ఒక్క అక్షరం కూడా తెలియకుండా, ఉన్నది ఉన్నట్టు అచ్చులో చెక్కాడు. మంచి బంగారం అంటే ఇలాగే ఉంటుందని వాళ్ళ నమ్మకం గనక అలాగే చెక్కాడు. చివరికి తమ రాజు పేరు కూడా వేయాలి. వరుసల మధ్య ఖాళీ దొరికింది. ఏది పైనో, ఏది కిందో తెలియదు. తనకు తోచిన వైపు నిలబెట్టి రాజు పేరు చెక్కేశాడు.

"ఆ చెక్కినవాడికి ఇది అలంకారం. మీ మనిషికీ అలంకారమే" అంది. "ఆయనకు తన రాజు అక్షరాలు తెలుసు. మీ మనిషికీ అవే అక్షరాలు తెలుసు. నేను ఇన్నేళ్ళు ఈ నాణెం గురించి చదువుతున్నాను. ఆ పొరపాటు ఎలా జరిగి ఉంటుందో కళ్ళ ముందు చేసి చూపించినవాడు మీ మనిషొక్కడే."

ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలసట వల్ల అని సర్దిచెప్పుకున్నాను, కానీ అలసటొక్కటే కాదు. పొద్దుటి నుంచి నేరం అని వినపడుతున్న పనిని ఒకరు అర్థం చేసుకుని మాట్లాడారు.

రిపోర్టు ఇద్దరం కలిసి రాశాం. నాణెం మీదే రెండు రాతలూ ఒకదానికొకటి తలకిందులుగా ఉన్నాయనీ, ఒకటి నిలబెడితే రెండోది తప్పకుండా తలకిందులవుతుందనీ, పనివాడు తనకు తెలిసిన అక్షరాలను చూసి నిలబెట్టాడనీ, మొదటి కంసాలి చేసిన పొరపాటే ఇదీ అనీ, ఇందులో దురుద్దేశం లేదనీ రాశాం. కింద హుదా మేడమ్ తన పేరు పెట్టి సంతకం చేసింది. మేనేజరు రెండుసార్లు చదివాడు. తర్వాత, మొదట ఆ నాణెం సరిచేయించండి, పైవాళ్ళతో నేను మాట్లాడతాను అన్నాడు. గండం గడిచిందనుకున్నాను.

అక్కడొచ్చింది చిక్కు. నర్సయ్య నాణెం ముట్టనన్నాడు.

షోకేసు తెరిచి పెట్టాం. ఫోర్‌మన్ ఉన్నాడు, నేనున్నాను. చేతికి గ్లవ్స్ తొడుక్కుని కూడా ఆయన ముందుకు రాలేదు. "నేను ముట్ట సారూ. నాకు తెల్వక తిప్పిన. ఇప్పుడు తెల్సి ఏమన్న అయితే? ఆయనతోని పెట్టియ్యిన్రి" అని ఫోర్‌మన్ వైపు చూపించాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. నిప్పు దగ్గర కూడా వెనక్కి తగ్గని చేతులవి. ఫోర్‌మన్ మంచివాడే, "భాయ్, ఇందులో ఏముంది, నేను పెడతాను" అని ఉర్దూలో అని ముందుకు వచ్చాడు. కానీ ఆ మౌంట్ నర్సయ్య వంచినది. నాణేన్ని ఎక్కడ నొక్కితే వదులుతుందో ఆయన వేళ్ళకే తెలుసు. వేరేవాళ్ళు లాగితే అంచు గీసుకుపోతుంది.

హుదా మేడమ్ ఫోర్‌మన్‌ను ఆపింది. నర్సయ్య పక్కకు వచ్చి నిలబడి, తాను చదువుతానని, తాను చెప్పిన వైపు తిప్పమని నాతో చెప్పించింది. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. ఆవిడ నాణేన్ని తాకకుండా వేలితో, రాత తలకిందులుగా ఉంది గనక కింది వరుస నుంచి పైకి చూపిస్తూ మొదటి మాట చదివింది, తర్వాత రెండోది, మూడోది. నర్సయ్య తల వంచి విన్నాడు. తీగ కొసను బొటనవేలితో మెల్లగా నొక్కి, నాణేన్ని సగం చుట్టు తిప్పి, మళ్ళీ తీగలో కూర్చోబెట్టాడు. ఒక్క క్షణం పట్టింది. ఆవిడ సరిపోయిందన్నట్టు తల ఊపింది.

ఆయన వెనక్కి జరిగి చూశాడు. రాజు పేరు ఇప్పుడు తలకిందులుగా ఉంది. "మరి గా రాజు మనుషులస్తే ఏమంటరు సారూ?" అని నన్నడిగాడు. నేను ఇంగ్లీషులో చెబితే హుదా మేడమ్, వాళ్ళెవరూ ఇప్పుడు రారని, ఆ రాజు తన పేరు అలా ఉండటానికి అలవాటుపడిపోయి ఉంటాడని అంది. అందరం నవ్వాం. పొద్దుటి నుంచి నర్సయ్య నవ్వింది అదే మొదటిసారి.

ప్రదర్శన బాగా జరిగింది. అన్నిటికంటే ఎక్కువమంది ఆగింది ఆ నాణెం దగ్గరే. హుదా మేడమ్ లేబుల్ మార్చి రాసింది, రాజు పేరు తలకిందులుగా ఎందుకుందో. ఖతీఫ్ బళ్ళ నుంచి వచ్చిన పిల్లలు మెడలు తిప్పి, నడుములు వంచి రాజు పేరు చదవడానికి ప్రయత్నించేవాళ్ళు. నర్సయ్య అప్పుడప్పుడూ దూరం నుంచి చూసేవాడు. దగ్గరికి వెళ్ళేవాడు కాదు.

ఇక్కడితో కథ ముగిస్తే బావుండేది. నకల్ కఫాలా సంగతి నేను మేనేజరును అడిగాను. బుక్రా అన్నాడు. రేపు అని అర్థం, ఎప్పుడో అని కూడా అర్థం. హుదా మేడమ్ అడిగింది, ఆవిడకూ అదే జవాబు. నర్సయ్య మీద ఎవరికీ కోపం లేదు. రిపోర్టును ఎవరూ తప్పుపట్టలేదు. కానీ ఆయన పేరు ఒక ఫైలులో ఒకసారి చేరింది, అంతే. ఆ పేరు పక్కన తన అప్రూవల్ ఉండటం మేనేజరుకు ఇష్టం లేదేమో. వద్దని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నేను పోట్లాడేవాణ్ణి. శిక్ష వేయాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, మరిచిపోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ప్రదర్శన ముగిశాక ఆయన కాంట్రాక్టు కంపెనీ ఆయన్ను యాన్బు పంపింది. ఎర్ర సముద్రం వైపు, రిఫైనరీలో పైపుల పనికి. వెళ్ళేరోజు వర్క్‌షాపుకు వచ్చి, పటకారు ఎక్కడుందో, ప్లాస్టిక్ గొట్టం ఎక్కడ దాచాడో నాకు చూపించాడు. కార్డు గురించి నేనే ఎత్తాను. "పోనియ్యి సారూ, ఆమిలే కానియ్యి. పని ఆపిన్రా ఏంది?" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడని తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాకు ఇప్పుడు ఇంకో మౌంట్ మేకరు ఉన్నాడు. చురుకైనవాడే. డ్రాయింగ్ చేతికిచ్చేముందు నేను ప్రతిసారీ అడుగుతాను, ఇందులో నీకు చదవొచ్చేది ఏది అని. చదవడం రానిదాన్ని మనిషి డిజైను అనుకుంటాడు, వచ్చినదాన్ని పట్టుకుని దాన్ని నిలబెడతాడు. ఓఫా రాజు కంసాలి దగ్గర్నుంచి ఇదే జరుగుతోంది. ఇది ఆ కేసు నేర్పిన మొదటి పాఠం, తేలికైనది.

రెండోది యాన్బు నుంచి ఫోనులో వచ్చింది. నర్సయ్య పండగకు పలకరించాడు. ఏం చేస్తున్నావంటే, పైపుల మీద బాణం గుర్తులు వేస్తున్నానన్నాడు, లోపల నూనె ఎటు పోతుందో చూపించడానికి. "ఎటు పోతదో నాకు తెల్సు సారూ. అయినా నలుగురిని అడిగే ఏస్తున్న. మొన్న డ్రాయింగుల ఒక బాణం తప్పున్నట్టు కొట్టింది. చెప్పలే. గట్లనే ఏసిన."

మంచిది, జాగ్రత్త అన్నాను. పొరపాటు చేసినవాణ్ణి మనం భయపెడితే వాడు ఆ పొరపాటొక్కటే మానుకుంటాడని అనుకుంటాం. వాడు పక్కవాడి తప్పు చూసి సరిచేయడం కూడా మానుకుంటాడు. నర్సయ్యను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, దేశం నుంచి పంపలేదు. ఆయనలోంచి తీసేసింది మాత్రం ఆ సరిచేసే గుణం ఒక్కదాన్నే.